అటక మీది డప్పు: సువార్త, సంస్కృతి, మనం

(ఒంగోలులో క్రిస్మస్ నెల మొదట్లో జరిగిన ఒక సభలో, తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ వందనాలు. ముందు వరసలో ఉన్న పాస్టరుగార్లకు, స్త్రీల సమాజం అక్కలకు, వెనక నిలబడి వింటున్న కాలేజీ పిల్లలకు వందనాలు. క్రైస్తవులు కాకపోయినా పిలవగానే వచ్చిన మా వీధి వాళ్లకు నమస్కారం. మీరు రావడం నాకు చాలా సంతోషం.

నాకిచ్చిన అంశం "నేటి సమాజంలో క్రైస్తవ సేవ, సంస్కృతి". చాలా పెద్ద అంశం. ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు రోజులు తిరిగాను. చివరికి మా తాత డప్పు దగ్గర మొదలుపెడదామనుకున్నాను.

మా ఇల్లు ఊళ్లో కాదు, పల్లెలో. ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్లలూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. చెరువు కట్ట దిగి కాస్త నడిస్తే మాదిగపల్లె. మాది పెంకుటిల్లు, దానికొక అటక. అటక మీద పాత ట్రంకుపెట్టె, విరిగిన తిరగలి, ఒక గోనెసంచి ఉండేవి. ఏడెనిమిదేళ్ల వయసులో ఓ మధ్యాహ్నం పైకెక్కి ఆ సంచి విప్పాను. లోపల డప్పు. చెక్క చట్రం నల్లగా నిగనిగలాడుతోంది. చర్మం ఒక పక్క చిరిగి, ఎండి ముడుచుకుపోయింది. తాళ్ల మధ్యలో ఒక సిర్ర, ఒక చిటికెన పుల్ల దోపి ఉన్నాయి. ఆ రెండు పుల్లలు తీసి, చిరగని వైపు ఒక్క దెబ్బ వేశాను.

మా నాయనమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ బైబిలు స్త్రీ. తెల్లచీర, చంకలో సంచి, రోజూ నాలుగు ఊళ్లు నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాత్రం "దించు! దాన్ని ముట్టుకోవాకు!" అని కేక వేసింది. నేను భయపడి, అది సైతాను వాయిద్యం కాబోలు అనుకున్నాను. ఆదివారం బడిలో అలాగే చెప్పేవాళ్లు మరి. చాలా ఏళ్ల వరకు అదే నమ్మాను.

అసలు సంగతి నేను ఎం.ఏ. చదివే రోజుల్లో తెలిసింది. చెప్పింది కూడా నాయనమ్మే. బాప్తిస్మం తీసుకోకముందు మా తాత ఊరి డప్పు కొట్టేవాడు. కొట్టాలనిపించి కొట్టడం కాదు. ఊళ్లో జాతరైనా, పెళ్లైనా, చావైనా, దండోరా వెయ్యాలన్నా కబురొస్తే పోవాల్సిందే. అన్నం ముందు కూర్చున్నా లేవాల్సిందే. దానికి కూలి ఉండదు, కళ్లంలో ఇన్ని గింజలు, పండగకి మిగిలిన అన్నం, అంతే. దాన్నే వెట్టి అంటాం. 1920 ప్రాంతంలో తాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడు జాతరకు కబురొస్తే రానన్నాడు. ఆరు నెలలు మా ఇంట్లో ఎవర్నీ కూలికి పిలవలేదట. "ఆ ఆరు నెలలు ఏం తిన్నామో నాకే తెలవదు" అంది నాయనమ్మ. నా చేతిలో డప్పు చూసినప్పుడు ఆవిడకు గుర్తొచ్చింది సైతాను కాదు, వెట్టి.

ఈ తేడా మన సంఘాల్లో మూడో తరానికి అందలేదు. ఈ రోజు నా మాటలన్నీ ఆ తేడా చుట్టూనే.

కొంచెం వెనక్కి పోదాం. మన ఒంగోలు ప్రాంతంలో సువార్త ఎలా వచ్చిందంటే, ఒక తెల్లదొర గుర్రమెక్కి వచ్చి ఊళ్లకు ఊళ్లు మార్చేశాడన్నట్టు కథ చెబుతారు. మనం గర్వంగా అలాగే చెబుతాం, మనల్ని తిట్టేవాళ్లూ అలాగే చెబుతారు. కానీ జరిగింది వేరు. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచి ఉన్నారు. పాతికేళ్లపాటు వాళ్లకు దొరికిన విశ్వాసులు చాలా కొద్దిమంది. అమెరికాలో వాళ్ల పెద్దలు ఈ మిషను మూసేద్దామని కూడా చర్చించుకున్నారు. వాళ్ల మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు 1865లో ఇండియాకు వచ్చి, మరుసటేడు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఇక్కడ సంఘం ఏర్పడిన రోజు సభ్యులు ఎనిమిది మంది. ఈ సభలో ఒక బెంచీ మీద పట్టేంత మంది.

అక్కణ్ణుంచి కథ మార్చినవాడు దొర కాదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అప్పటికే రాజయోగం సాధన చేసిన మనిషి, దేవుడి గురించి వెతుకులాటలో ఉన్నవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత పేరయ్య చేసింది చాలా మామూలు పని. బావమరిది ఇంటికి పోయాడు, వియ్యంకుడి ఊరికి పోయాడు, తోళ్లు కొనే చోటల్లా రాత్రి పూట కూర్చుని మాట్లాడాడు. చుట్టరికం ఎటు పోతే సువార్త అటు పోయింది. క్లౌ గారు తన గుడారంతో ఆ ఊళ్లకు చేరేసరికి అక్కడ జనం ముందే ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. దొర వెనక నడిచాడు, పేరయ్య ముందు నడిచాడు.

మిషన్ అనే మాట వినగానే మనకు కాంపౌండు గోడ, బంగళా, బెల్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం పేరయ్య భుజం మీద తోళ్ల మూట గుర్తొస్తుంది.

ఒక సంఘటన చెప్పాలి. క్లౌ గారి దగ్గరికి మొదట్లో బ్రాహ్మణ కుటుంబాల వాళ్లు కూడా వచ్చేవారు. పిల్లల్ని బడికి పంపారు, మతం గురించి చర్చించేవారు. మాదిగలు రావడం మొదలవగానే వాళ్లు సూటిగా చెప్పేశారు, వీళ్లను చేర్చుకుంటే మేం రామని. ఆ రోజుల్లో మిషనరీకి అది నిజంగానే పెద్ద టెన్షన్. పైకులాల వాళ్లు వస్తే సమాజమంతా వస్తుందని చాలామంది లెక్క. క్లౌ గారు ఒక గదిలో, ఆయన భార్య హ్యారియట్ మరో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండానే బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందని ఆయనే రాసుకున్నారు. దేవుడు పిలిచినవాళ్లలో గొప్ప వంశాలవాళ్లు ఎక్కువమంది లేరు, లోకం నీచమని తోసేసినవాళ్లనే ఆయన ఏర్పరచుకున్నాడనే భాగం అది. ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. మాదిగలను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది.

సంస్కృతికీ సువార్తకూ సంబంధం ఏమిటని అడిగితే నేను ఎప్పుడూ ఈ ఖాళీ బడే చూపిస్తాను. ఆ రోజు "ఇది ఇక్కడి ఆచారం, గౌరవించాలి" అనుకుని ఉంటే నేను ఈ మైకు ముందు ఉండేదాన్ని కాదు.

అలా చేరినవాళ్లకు మొదట్లో మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మత నియమాల్లా ఉంటాయి. పల్లెలో నిలబడి చూడండి ఇవి ఏం చేశాయో. ఆదివారం పనికి రానంటే, వారంలో ఒక్క రోజైనా "నా ఒళ్లు నాది" అన్నట్టు. చచ్చిన గొడ్డును తిననంటే, చావగానే దాన్ని ఈడ్చుకుపోయే బాధ్యత తనొక్కడిదే కాదని అన్నట్టు. విగ్రహాలకు మొక్కనని జాతరలో డప్పు కొట్టనంటే, పిలిస్తే పరుగెత్తే మనిషిని కానన్నట్టు. కరణాలకు, మోతుబరులకు ఇది వెంటనే అర్థమైంది. అందుకే కూలి ఆపారు, నీళ్లు ఆపారు, కొన్నిచోట్ల కొట్టారు.

మిషనరీలు అన్నీ సరిగ్గా చేశారని నేననను. చాలామందికి మన భాష వచ్చినా మన మనసు అర్థం కాలేదు. కొందరు మన మీద జాలిపడ్డారు గానీ మనతో కూర్చుని తినలేదు. ఈ మాట నాది కాదు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిది. ఆయన తమిళుడు, తిరునెల్వేలి వైపు వాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో నడిపిన మిషను తరఫున మన డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే స్థిరపడ్డారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వందలమంది తెల్లవాళ్ల ముందు ఈయన నిలబడి, మీరు బీదలకు మీ సొత్తు ఇచ్చారు, మీ శరీరాలను అర్పించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, "మాకు స్నేహితులను ఇవ్వండి" అన్నారు. సభలో చాలామందికి నచ్చలేదు. రెండేళ్లకు, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

డోర్నకల్ వెళ్లారా ఎవరైనా? ఆయన హయాంలో కట్టిన కెథెడ్రల్ చూడండి. 1939లో ప్రతిష్ఠ చేశారు. స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది, గుమ్మటాలు చూస్తే మసీదు. నిజాం రాజ్యంలో ఉన్న పల్లె జనానికి రోజూ కళ్ల ముందు ఉండేవి అవే కదా. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. దాన్ని మిషనరీ పాస్నెట్ గారు కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని కట్టించారు. అది ఐరోపా పాత చర్చీల గోతిక్ పద్ధతి, మహా అందం, రంగుటద్దాల్లోంచి వెలుగు పడుతుంటే నోట మాట రాదు. నాకు రెండూ ఇష్టమే. కానీ డోర్నకల్ మెట్ల మీద కూర్చుంటే మాత్రం మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది.

రాతి కట్టడాల కంటే నాకు పాట ముఖ్యం. తెలుగు లెక్చరర్ని కదా, పాట దగ్గర కాస్త ఆగుతాను. మీ ఇళ్లలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే ఈ రాత్రి తీసి చూడండి. కీర్తన మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. ఆ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా బతికారు. బ్రాహ్మణ కుటుంబం, 1833లో బాప్తిస్మం. భజన పాటల ఒరవడి, శతకాల ధోరణి, ఆయనకు తెలిసిన తెలుగంతా తీసుకొచ్చి క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. పెద్దగా చదువుకోని మా నాయనమ్మకు ఆ కీర్తనలు ముప్పై నలభై నోటికి వచ్చు. నాట్లు వేస్తూ పాడేది. పక్క మడిలో ఉన్న ఊరి ఆడవాళ్లు రెండో చరణానికల్లా అందుకునేవారట. వాళ్లెవరూ మతం మారలేదు. పాట వాళ్లకు పరాయిదనిపించలేదు, అంతే.

ఇప్పుడు మన ఆరాధనల్లో డ్రమ్ కిట్లు, కీబోర్డులు, పెద్ద పెద్ద బాక్సులు. పిల్లలు ఇష్టంగా వాయిస్తారు, నాకు కోపం లేదు. అమెరికా డ్రమ్స్‌ను గుళ్లోకి రానిచ్చినవాళ్లం మనం. డప్పు తెస్తానంటే మాత్రం "అది లోకసంబంధమైనది" అంటాం. మా నాయనమ్మ డప్పును వద్దన్నది వెట్టి కనుక. మనం వద్దంటున్నది ఎందుకు? డప్పును చూస్తే మన కులం గుర్తొస్తుందని. గుర్తొస్తే సిగ్గని. ఆ సిగ్గు మనకు పెట్టిందెవరు?

పూల సంగతీ ఇంతే. మా నాయనమ్మ తాళి కట్టుకుంది, సాయంత్రం మల్లెపూలు పెట్టుకుంది, ఆ పూలతోనే వాక్యం చెప్పింది. పూలు తీసెయ్యమన్నది దొరలు కాదు, తర్వాత వచ్చిన ఉజ్జీవ కూటాల్లో మనవాళ్లే. ఒక కూటంలో మా అమ్మ జడలోంచి కనకాంబరాలు తీసి కింద పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చాక తోటలో కనకాంబరం మొక్కకు నీళ్లు పొయ్యడం మానేసింది. పూలు పెట్టుకోవాలా వద్దా అనేది ఎవరి మనస్సాక్షి వాళ్లది. కానీ ఆ మొక్క ఎండిపోవడం వల్ల దేవుని రాజ్యం ఒక్క అంగుళమైనా పెరిగిందని నేననుకోను.

పూలు వదిలాం, పండగలు వదిలాం, డప్పు వదిలాం. మరి కులాన్ని వదిలామా?

పెళ్లి సంబంధాల ప్రకటనలు చూడండి. "క్రిస్టియన్ మాల", "క్రిస్టియన్ మాదిగ", "క్రిస్టియన్ రెడ్డి", "క్రిస్టియన్ కమ్మ". బాప్తిస్మం నీళ్లలో పాత మనిషి చచ్చాడని సాక్ష్యం చెబుతాం. చచ్చినవాడి కులం మాత్రం బతికే ఉంటుంది. ఫలానా మిషను అంటే ఫలానా కులం అని జిల్లాలవారీగా అందరికీ తెలుసు. సంఘం ఎన్నికలు వస్తే ఓట్లు ఎటు పడతాయో ముందే లెక్క చెబుతారు. ఇంటర్ చదివే ఒక పిల్ల నన్ను అడిగింది: "మేడం, మన చర్చిలోనే వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే అమ్మావాళ్లు వద్దంటున్నారు. మరి మనకు కులం లేదు కదా?" నాకు జవాబు తెలుసు. కానీ ఆ జవాబు చెప్పే ముఖం నాకు లేదు, ఎందుకంటే మా సొంత ఇంట్లో ఇదే గొడవ జరిగినప్పుడు నేను పెద్దల పక్కన నిలబడ్డాను. ముప్పై ఏళ్లైంది. మా చెల్లెలు ఇంకా నాతో మనసు విప్పి మాట్లాడదు. దీన్ని ఇక్కడ నిలబడి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చెప్పాను.

అందుకే నా మాట ఇది. తెలుగు తల్లి ఒడిలో నేర్చుకున్న పాట, మాట, వంట, వరస, వావి, వీటిని చూసి సువార్త భయపడక్కర్లేదు. కులం అలాంటిది కాదు. దానికి సంస్కృతి అని ముద్దుపేరు పెట్టకూడదు. మనం ఈ రెంటినీ తారుమారు చేసుకున్నాం.

ఇక్కడ ఒక తమ్ముడు చీటీ పంపాడు. చదువుతాను. "అమ్మా, మీరు ఎంత చెప్పినా ఈ సేవంతా మతం మార్చడానికే కదా? పాలపొడికీ గోధుమరవ్వకీ మారినవాళ్లే కదా అందరూ?" పేరు రాయలేదు. నువ్వు అడగడం మంచిదైంది తమ్ముడూ. మనసులో పెట్టుకుని ఇంటికి పోవడం కంటే ఇదే నయం.

1876 నుంచి 78 దాకా మన వైపు ఘోరమైన కరువొచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువంటారు. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ గారు అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మామూలు కాంట్రాక్టర్ల దగ్గర కూలీలకు తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు. ఇక్కడ సాయంత్రానికి లెక్క ప్రకారం డబ్బు చేతిలో పడేది. వేలమంది వచ్చారు. పని మధ్యలో విశ్రాంతికి కూర్చున్నప్పుడు బోధకులు తమ విశ్వాసం గురించి మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని. సాయం ఆపేశాక, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. అప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు. క్లౌ గారు ఒక్కరికీ ఇవ్వలేదు, గట్టు మీద ఉండి ఏర్పాట్లు చూసుకున్నారు.

ఆ వచ్చినవాళ్లలో ఆకలి లేదని నేను చెప్పడం లేదు. ఉంది. కానీ ఆకలిగొన్నవాడికి ఆత్మ ఉండదా తమ్ముడూ? కడుపు నిండినవాడు దేవుణ్ణి వెతికితే దాన్ని తత్వచింతన అంటాం, కడుపు కాలినవాడు వెతికితే బేరం అంటాం. మా తాతకు ఎవరూ పాలపొడి ఇవ్వలేదు. ఆరు నెలలు కూలి పోయింది. పోగొట్టుకోవడానికి ఎవరూ మతం మారరు, ఇంకేదో దొరికితే తప్ప. ఆయనకు దొరికింది చాలా చిన్నది. అంతవరకూ ఆయన్ని ఊరంతా "ఒరేయ్" అనేది. బోధకుడు మొదటిసారి "అయ్యా" అన్నాడు.

అలాగని ఈ రోజు మన పేరుతో జరిగేవన్నీ నేను సమర్థించను. రోగం తగ్గాలంటే ఇంత కానుక పంపండి అని ఫోన్లో, టీవీలో అడిగేవాళ్లను నేను సమర్థించను. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటే అర్ధరాత్రి దాకా మైకు పెట్టి అరిచే కూటాన్ని సమర్థించను. ఎదుటివాళ్ల దేవుళ్లను హేళన చేసే బోధను అసలే సమర్థించను. పేరయ్య ఎవరి ఇంటి ముందూ నిలబడి వాళ్ల దేవుణ్ణి తిట్టలేదు. ఆ ఇంట్లో కూర్చుని అంబలి తాగి మాట్లాడాడు.

ఇప్పుడు పేర్ల సంగతి. ఇది చెబితే కొందరికి ఇబ్బంది. మా నాన్నకు రెండు పేర్లు. గుళ్లో యోహాను, బడి రిజిస్టర్లో వెంకటేశ్వర్లు. నాకూ రెండు పేర్లే. ఈ గదిలో ఎంతమందికి ఇలా ఉన్నాయో చేతులెత్తమని అడగను. కారణం మనందరికీ తెలుసు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల కిందికి వస్తారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు, రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. 2023 మార్చిలో మన అసెంబ్లీ దీన్ని మార్చమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది.

చట్టం సంగతి లాయర్లు చెబుతారు. నేను చూసింది చెబుతాను. ఊరివాడు మా నాన్నను కులం పేరుతో తిట్టినప్పుడు, నువ్వు హిందువువా క్రైస్తవుడివా అని అడగలేదు. టీ కొట్లో గ్లాసు వేరుగా పెట్టినవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు. ఒక్క ఆఫీసు మాత్రమే అడిగింది. నేను ఉద్యోగంలో చేరే ముందు కులం విచారణకు ఒకాయన ఇంటికొచ్చాడు. గోడ మీది యేసు పటాన్ని మా అమ్మ ముందు రోజు రాత్రే తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. ఆయన పోయాక దాన్ని బయటికి తీసి, కొంగుతో తుడిచి, మేకుకు తగిలించింది. యేసు శిష్యుడు పేతురు కోడి కూయకముందు ఆయన్ని ఎరగనని ఎలా బొంకాడో ఆవిడకు బాగా తెలుసు, ఎన్నోసార్లు చెప్పిన కథ. ఆ రోజు తర్వాత ఆవిడ ఆ కథ ఎవరికీ చెప్పలేదు. మనిషి తన ఇంట్లో తన దేవుణ్ణి దాచుకునేలా చేసే నియమం న్యాయం ఎలా అవుతుంది? సేవ అంటే ఇలాంటి చోట గట్టిగా మాట్లాడటం కూడా. మన ప్రసంగాల్లో ఈ మాట ఎంత తక్కువ వినిపిస్తుందో గమనించండి.

చివరగా ఒక పేరు చెప్పి ముగిస్తాను. 1985 జూలై. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లలో గేదెల కుడితి కలుస్తుంటే వద్దన్నందుకు గొడవ. నీళ్లకొచ్చిన ఒక ఆడమనిషిని కొట్టబోతే ఆవిడ చేతిలో బిందె ఎత్తింది. ఆవిడ పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. మనుషుల్ని వెంటాడి చంపారు. బతికినవాళ్లు చీరాల పరుగెత్తి అక్కడి చర్చి ఆవరణలో పడ్డారు. నెలల తరబడి అక్కడే శిబిరం. దళిత ఉద్యమ నాయకులు బొజ్జా తారకం గారు, కత్తి పద్మారావు గారు అక్కడికొచ్చారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్లే అయింది. రెండు సార్లు చీరాల పోయాను, బట్టలు, బియ్యం తీసుకుని. చర్చి గేటు బార్లా తెరిచి ఉంది. లోపల చెట్ల కింద పొయ్యిలు, ఆడవాళ్లు, గాయాల కట్లు, పిల్లలు. ఆ గేటు దగ్గర నిలబడ్డప్పుడు నాకు క్లౌ గారి నాటి ఆ ఖాళీ బడి గుర్తొచ్చింది. వందేళ్లు దాటినా గొడవ మళ్లీ నీళ్ల దగ్గరే. మా సండే స్కూల్లో "సువార్త అంటే ఏమిటి" అని అడిగితే "మంచి వార్త" అని బట్టీపట్టి చెప్పేవాళ్లం. ఆ రోజు నుంచి ఆ మాట వినగానే నాకు ఒక చెయ్యి కనిపిస్తుంది, ఆ చేతిలో పైకెత్తిన బిందె కనిపిస్తుంది.

నా టైము అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం. ఆ డప్పు ఇప్పుడు నా దగ్గరే ఉంది. నాయనమ్మ పోయేముందు అడిగాను, తీసుకోనా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పిలిస్తే పోయి కొట్టేదానికైతే వద్దు. నీకు కొట్టాలనిపిస్తే తీసుకో" అంది. పోయిన నెల కొత్త చర్మం వేయించాను. చట్రం అదే, మా తాతదే. పుల్లలు కూడా అవే.

ఇవాళ తెచ్చాను. బయట వేపచెట్టు కింద మా తమ్ముడి కొడుకు గడ్డి మంట వేసి కాస్తున్నాడు. చలికి చర్మం మెత్తబడింది, ఇంకో పది నిమిషాలు కాగాలి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పాడదాం, వాడు వాయిస్తాడు. స్త్రీల సమాజం అక్కలు ముందుకు రండి. మా వీధి వాళ్లు కూడా ఉండండి, పాట అయ్యాక అందరికీ ఇక్కడే ఒకే బంతిలో భోజనాలు.